గడప ముందు ఇత్తడి పేర్లు

జర్మనీలో బెర్లిన్, హాంబర్గ్, కొలోన్ లాంటి ఏ నగరంలోనైనా ఫుట్‌పాత్ మీద నడుస్తూ వెళ్తే అక్కడక్కడ కాళ్ల దగ్గర చిన్న ఇత్తడి పలక మెరుస్తూ కనబడుతుంది. పెద్దవాళ్ల అరచేతిలో ఇమిడిపోయేంత ఉంటుంది. చుట్టూ మామూలు రాళ్లు, మధ్యలో ఇదొక్కటే ఇత్తడి. వంగి చూస్తే దాని మీద కొన్ని వరుసల అక్షరాలు ఉంటాయి. ‘ఇక్కడ నివసించారు’ అనే మాటతో మొదలై, ఒక మనిషి పేరు, పుట్టిన సంవత్సరం, ఆ మనిషిని పట్టుకుపోయిన సంవత్సరం, చివరికి ఏమయ్యారనే సంగతి రాసి ఉంటుంది. కొన్ని గడపల ముందు ఒకటే పలక. కొన్ని గడపల ముందు తల్లి, తండ్రి, పిల్లలు, నాయనమ్మ అందరివీ పక్కపక్కనే.

వీటిని జర్మన్ భాషలో ‘ష్టోల్పర్‌ష్టైన్’ అంటారు. కాలికి తట్టుకునే రాయి అని అర్థం. హిట్లర్ పాలించిన 1933 నుంచి 1945 వరకు వేటాడబడిన, చంపబడిన మనుషుల కోసం వేసిన రాళ్లివి. వీటిలో ఎక్కువ భాగం యూదు కుటుంబాలవి. 2023 మే నెలలో న్యూరెంబర్గ్ నగరంలో వేసిన రాయితో వీటి లెక్క 1,00,000కు చేరింది. ఒక్క బెర్లిన్‌లోనే 10,000కు పైగా ఉన్నాయి. జర్మనీతో పాటు ఆస్ట్రియా, నెదర్లాండ్స్, ఇటలీ, హంగరీ, నార్వే, గ్రీసు ఇలా సుమారు 30 దేశాల్లో ఈ రాళ్లు వేశారు.

స్మారకం అంటే మనకు తెలిసింది వేరు. నాలుగు రోడ్ల కూడలిలో విగ్రహం, చుట్టూ కంచె, ఏడాదికోసారి పూలదండ. ఈ రాళ్లకు కంచె లేదు, దండ లేదు. అవి మనుషులు రోజూ నడిచే దారిలోనే, వాళ్లు తమ ఇష్టంతో బతికిన ఆఖరి ఇంటి ముందు ఉంటాయి. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. పాలకూ కూరగాయలకూ వెళ్లివచ్చేటప్పుడు వాళ్లు ఆ పేరు పక్కనుంచే నడవాలి. ఈ రాళ్ల అసలు సంగతి అక్కడే ఉంది.

ఒక వృద్ధురాలి మాట

ఈ పని మొదలుపెట్టిన మనిషి గుంటర్ డెమ్నిగ్. యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో, బెర్లిన్‌లో పుట్టిన కళాకారుడు. కొలోన్ నగరంలో పనిచేసేవారు. కథ యూదులతో మొదలు కాలేదు, రోమా, సింటీ అనే జనంతో మొదలైంది. జిప్సీలని పిలిచేది వీళ్లనే. సుమారు వెయ్యేళ్ల కింద మన దేశపు వాయవ్య ప్రాంతం నుంచి బయల్దేరి ఐరోపా చేరినవాళ్ల సంతతి. నీళ్లను వాళ్ల భాషలో ఇప్పటికీ ‘పానీ’ అనే అంటారు.

1940 మే నెలలో కొలోన్ నుంచి 1,000 మంది రోమా, సింటీలను నాజీలు రైలెక్కించి పోలండ్‌కు పంపేశారు. సరిగ్గా 50 ఏళ్లకు, 1990లో, వాళ్ల ఇళ్ల నుంచి స్టేషన్ వరకు వాళ్లను తీసుకెళ్లిన దారి పొడవునా డెమ్నిగ్ రంగుతో అక్షరాలు అచ్చువేశారు. తర్వాత ఆ గుర్తులు చెరిగిపోకుండా చూసే పనిలో ఉండగా ఆ పేటలో ఉండే ఒక వృద్ధురాలు ఆయన దగ్గరికి వచ్చింది. మా పేటలో జిప్సీలు ఎప్పుడూ లేరే అంది. ఆమె అబద్ధమాడుతోందని ఆయన అనుకోలేదు. పక్కింట్లో బతికినవాళ్లు ఎవరో ఆమెకు నిజంగానే తెలియలేదు. అలా తెలియకుండా పోవడమే ఆయన్ను పట్టుకుంది. మనుషుల్ని చంపేశారు సరే, వాళ్లు ఇక్కడ ఉండేవాళ్లన్న సంగతి కూడా చచ్చిపోయింది.

1992 డిసెంబర్ 16న కొలోన్ పాత టౌన్‌హాల్ ముందు ఆయన మొదటి రాయి వేశారు. రోమా, సింటీలను ఆష్విట్జ్‌కు పంపాలని హిమ్లర్ ఆదేశం ఇచ్చి ఆ రోజుకు 50 ఏళ్లు. ఆ ఆదేశంలోని మొదటి మాటలనే ఆ రాయి మీద చెక్కారు. 1995లో కొలోన్‌లో, 1996లో బెర్లిన్‌లోని క్రాయిజ్‌బెర్గ్ పేటలో పర్మిషన్ లేకుండానే మనుషుల పేర్లతో రాళ్లు వేశారు. 2000 తర్వాత నగరపాలక సంస్థలు ఒక్కొక్కటిగా అనుమతి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత పని ఆగలేదు.

కాలికి తట్టుకునే రాయి అన్న పేరుకూ ఒక నేపథ్యం ఉంది. పాతకాలపు జర్మనీలో దారిలో ఎవరికైనా కాలికి రాయి తగిలితే, ఇక్కడ ఎవరో యూదుణ్ణి పాతిపెట్టి ఉంటారు అనే ఈసడింపు మాట ఒకటి ఉండేదట. ఆ మాటను డెమ్నిగ్ తిరగేశారు. నిజానికి ఈ రాయి ఎవరి కాలికీ తగలదు, నేలతో సమంగా ఉంటుంది. జనం పడిపోరా అని అడిగితే ఒక స్కూలు పిల్లవాడు ఇచ్చిన జవాబును ఆయన చెబుతుంటారు. పడిపోరు, తట్టుకునేది బుర్రకూ మనసుకూ అన్నాడట ఆ కుర్రాడు.

రాయి ఎలా తయారవుతుంది

మన పాఠకుల్లో మేస్త్రీలు, టైల్స్ పనివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ పని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం. రాయి సుమారు 10 సెంటీమీటర్ల ఘనం. కింద కాంక్రీటు, పైన ఇత్తడి రేకు. రేకు మీద అక్షరాలను అచ్చులతో, సుత్తితో ఒక్కొక్కటిగా కొడతారు. మిషన్ వాడరు. 2005 నుంచి బెర్లిన్ శిల్పి మిఖాయెల్ ఫ్రీడ్రిక్స్ ఫ్రీడ్‌లాండర్ ఈ పని చేస్తూ వచ్చారు. ఫ్యాక్టరీలో వేలకొద్దీ అచ్చు పోయించుకుంటే పని త్వరగా అవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కానీ దానికి డెమ్నిగ్ ఒప్పుకోలేదు. నాజీలు మనుషుల్ని చంపింది ఫ్యాక్టరీ పద్ధతిలోనే కదా, గుర్తుచేసుకోవడమైనా చేత్తో, ఒక్కొక్కరినీ విడిగా చేయాలన్నది ఆయన పట్టుదల.

వేసే పని మనకు తెలిసిందే. ఫుట్‌పాత్ రాళ్లు నాలుగైదు ఊడదీస్తారు. గుంత సరిచేస్తారు. ఇత్తడి రాయి దించి, మట్టం చూసి, సందులు నింపి, పైన తుడుస్తారు. తలమీద టోపీ, మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకుని డెమ్నిగ్ తానే నేలమీద మోకరిల్లి వేల రాళ్లు వేశారు. చుట్టూ ఇరుగుపొరుగువాళ్లు, స్కూలు పిల్లలు, ఆ కుటుంబంలో మిగిలిన వాళ్లెవరైనా ఉంటే ఇజ్రాయెల్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు నిలబడతారు. ఎవరో ఒకరు ఆ మనిషి కథ చదువుతారు. కొందరు ఒక పువ్వు పెడతారు. అంతే కార్యక్రమం.

ఈ రాళ్ల ఖర్చు ప్రభుత్వం పెట్టేది కాదు. ఒక రాయికి చాలా ఏళ్లపాటు 120 యూరోలు తీసుకున్నారు. ఆ డబ్బు వీధివాళ్లో, ఒక క్లాసు పిల్లలో, ఒక ఆఫీసు ఉద్యోగులో వేసుకుంటారు. ఎవరి పేరు వేయాలో పైనుంచి ఎవరూ చెప్పరు. మా బిల్డింగులో అప్పట్లో ఎవరు ఉండేవారు అని ఎవరో ఒకరు అడగడంతో పని మొదలవుతుంది.

ఆ ఇళ్లు ఎలా ఖాళీ అయ్యాయి

హిట్లర్ 1933 జనవరి 30న పదవిలోకి వచ్చేసరికి జర్మనీలో సుమారు 5 లక్షల మంది యూదులు ఉన్నారు. దేశ జనాభాలో నూటికి ఒక్కరు కూడా కాదు. డాక్టర్లు, దుకాణదారులు, దర్జీలు, టీచర్లు, గుమస్తాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి పతకాలు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఒక్కరోజులో తీసుకుపోలేదు. మెట్టు మెట్టుగా నెట్టారు. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ. అదే నెలలో ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగింపు. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలతో పౌరసత్వ హక్కులు పోయాయి. 1938 అక్టోబర్‌లో వాళ్ల పాస్‌పోర్టుల మీద ఎర్రగా ‘జె’ అనే అక్షరం ముద్ర వేశారు. పాస్‌పోర్టు మీద పడే ఒక్క ముద్ర మనిషి బతుకును ఎంత మార్చేస్తుందో ఈ పేపరు చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

1938 నవంబర్ 9 రాత్రి దేశమంతటా యూదుల ప్రార్థనా మందిరాలను తగలబెట్టారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు. సుమారు 30,000 మంది మగవాళ్లను పట్టుకుని క్యాంపుల్లో పెట్టారు. జరిగిన నష్టానికి జరిమానా కూడా యూదుల మీదే వేశారు, 100 కోట్ల మార్కులు. వెళ్లగలిగినవాళ్లు దేశం వదిలి వెళ్లారు. ముసలివాళ్లు, డబ్బులేనివాళ్లు, వీసా దొరకనివాళ్లు మిగిలిపోయారు. 1941 సెప్టెంబర్ నుంచి ఆరేళ్లు నిండిన ప్రతి యూదూ బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. అక్టోబర్‌లో దేశం దాటడం నిషేధించారు. అదే నెల 18న బెర్లిన్‌లోని గ్రునెవాల్డ్ స్టేషన్ నుంచి వెయ్యి మందికి పైగా యూదులతో మొదటి రైలు పోలండ్‌కు కదిలింది. ఆ తర్వాత ఊరూరి నుంచీ రైళ్లు.

క్యాంపు అంటే మన భాషలో ఒక అర్థం స్థిరపడిపోయింది. బంకు మంచాలు, మెస్సు, పొద్దున్నే బస్సు. మన క్యాంపు బాధలు మనకున్నాయి కానీ అవి వేరు. ఆ రైళ్లు చేరిన ఆష్విట్జ్ లాంటి చోట్లకు మనుషుల్ని తీసుకుపోయింది చంపడానికే. ఆష్విట్జ్ ఒక్కచోటే సుమారు 11 లక్షల మంది చనిపోయారు, వాళ్లలో సుమారు 10 లక్షల మంది యూదులు. ఐరోపా మొత్తం మీద చంపబడిన యూదులు సుమారు 60 లక్షలు. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం కాబట్టి ఈ తేడా ముందే చెప్పుకోవడం మంచిది.

జాబితాలు

మేము ఆఫీసులో కూర్చుని పేర్లు రాసేవాళ్లం. ఏ రూములో ఎవరు, ఏ బస్సులో ఎవరు, ఎవరి వీసా ఎప్పుడు అయిపోతుంది, ఇవి రాయడమే మా పని. అందుకేనేమో ఈ చరిత్ర చదువుతున్నప్పుడు మా కళ్లు తుపాకుల దగ్గర కంటే ఫైళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాయి.

1939 మే నెలలో జర్మనీలో జనాభా లెక్కలు తీశారు. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మల్లో ఎవరైనా యూదులా అనే ప్రశ్నకు జవాబు రాయడానికి విడిగా ఒక కార్డు ఇచ్చారు. రైలెక్కించే ముందు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునూ రాసి ఇమ్మంటూ పేజీలకు పేజీల ఫారం నింపించుకున్నారు. కుర్చీలెన్ని, దుప్పట్లెన్ని, చెంచాలెన్ని. సరిహద్దు దాటగానే ఆ ఆస్తి ప్రభుత్వానిది అవుతుందని 1941 నవంబర్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆ సామాన్లు వేలం వేస్తే కొనుక్కున్నవాళ్లు ఊళ్లోవాళ్లే. రావలసిన అద్దె కోసం ఇంటి ఓనర్లు, కరెంటు బిల్లు కోసం కంపెనీలు ఆదాయ శాఖకు ఉత్తరాలు రాశాయి. రైల్వేవాళ్లు తీసుకుపోయే మనుషులకు టికెట్టు లెక్కగట్టారు. మూడో తరగతి ఛార్జీ, వెళ్లడానికి మాత్రమే. పదేళ్లలోపు పిల్లలకు సగం టికెట్టు, నాలుగేళ్లలోపు వారికి ఉచితం. కాపలావాళ్లకు మాత్రం రానూపోనూ టికెట్టు.

ఇదంతా ఎవరో రాశారు, టైపు చేశారు, కూడికలు సరిచూశారు. వాళ్లు మాలాంటివాళ్లే. ఐదింటికి ఫైలు మూసి ఇంటికి వెళ్లి అన్నం తిని ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఎవరినీ చేత్తో కొట్టి ఉండరు. జాబితాలో పేరు మాత్రం రాశారు.

ఆశ్చర్యమైన సంగతి ఏమిటంటే ఇప్పుడు ఈ ఇత్తడి రాళ్లకు ఆధారం కూడా ఆ కాగితాలే. రైళ్ల జాబితాలు, 1939 నాటి కార్డులు, ఆస్తి ఫారాలు చాలావరకు మిగిలాయి. జర్మనీ జాతీయ రికార్డుల కేంద్రం వాటి ఆధారంగా చనిపోయిన యూదుల పేర్లతో స్మారక గ్రంథం తయారుచేసింది. బాడ్ ఆరోల్సన్‌లోని ఆర్కైవ్‌లో, జెరూసలేంలోని యాద్ వషేమ్‌లో కూడా లక్షల పేర్లు ఉన్నాయి. స్కూలు పిల్లలు, రిటైరైన టీచర్లు ఈ కాగితాల్లో తమ వీధి పేరు, ఇంటి నంబరు వెతుక్కుంటారు. మనిషిని లేకుండా చేయడానికి రాసిన లైను నుంచే ఆ మనిషి పేరును మళ్లీ ఆ గుమ్మం ముందుకు తెస్తారు.

రెండు రాళ్లు

కార్ల్‌స్రూ పట్టణంలో యూలియస్ హిర్ష్ పేరుతో ఒక రాయి ఉంది. ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. 1911 నుంచి 1913 మధ్య జర్మనీ జాతీయ జట్టుకు 7 మ్యాచ్‌లు ఆడారు. 1912లో నెదర్లాండ్స్ మీద ఒకే మ్యాచ్‌లో 4 గోల్స్ కొట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి పతకం పొందారు. ఆయన సొంత సోదరుడు ఒకరు ఆ యుద్ధంలో జర్మనీ కోసం చనిపోయాడు. 1933 ఏప్రిల్‌లో క్లబ్బులు యూదులను తీసేస్తున్నాయని పేపర్లో చదివి, ఏళ్ల తరబడి ఆడిన తన క్లబ్బుకు ఆయనే రాజీనామా రాసి పంపారు. భార్య యూదు కాదు. ఆమెకూ పిల్లలకూ ముప్పు తగ్గుతుందని ఆమె నుంచి విడాకులు తీసుకున్నారు. 1943 మార్చి 1న ఆయన్ను రైలెక్కించి ఆష్విట్జ్‌కు పంపారు. దారిలో నుంచి ఇంటికి ఒక కార్డు వేశారు. తర్వాత కబురు లేదు. 2005 నుంచి జర్మన్ ఫుట్‌బాల్ సంఘం జాతి వివక్ష మీద పోరాడేవాళ్లకు ఆయన పేరుతో అవార్డు ఇస్తోంది.

రెండో రాయి బెర్లిన్ నడిబొడ్డున, బ్రాండెన్‌బర్గ్ గేటు పక్కన పరీజర్ ప్లాట్జ్‌లో ఉంది. దాని మీద పేరు మార్తా లీబెర్‌మన్. ఆమె భర్త మాక్స్ లీబెర్‌మన్ జర్మనీలో పేరుమోసిన చిత్రకారుడు, కళల అకాడమీకి అధ్యక్షుడిగా చేసినవాడు. 1935లో చనిపోయాడు. మార్తా ఒంటరిగా మిగిలింది. ఆమెను విదేశానికి పంపాలని స్నేహితులు ప్రయత్నించారు, ఫలించలేదు. 1943 మార్చిలో ఆమెను క్యాంపుకు తీసుకుపోతామని కబురొచ్చింది. అప్పటికి ఆమెకు 85 ఏళ్లు, మంచం పట్టి ఉంది. పోలీసులు వచ్చేలోగా నిద్రమాత్రలు మింగి, మార్చి 10న ఆసుపత్రిలో కన్నుమూసింది. డబ్బు, పేరు, పలుకుబడి ఉన్నవాళ్ల గతే ఇలా ఉంటే, వీధి చివర దర్జీ సంగతి ఊహించుకోవచ్చు.

ప్రాణాలతో బయటపడినవాళ్లకు కూడా ఈ రాళ్లు వేస్తారు. పిల్లలను ఎలాగో ఇంగ్లండు పంపేసి తల్లిదండ్రులు చనిపోయిన ఇళ్లు ఎన్నో. అలాంటిచోట ఆ పిల్లల పేర్లు కూడా పక్కనే ఉంటాయి. చెల్లాచెదురైన కుటుంబం కనీసం రాళ్లలోనైనా ఒకచోట ఉండాలని ఆ ఏర్పాటు. యూదులతో పాటు రోమా, సింటీలు, వికలాంగులు, మానసిక రోగులు, యెహోవా సాక్షులు, స్వలింగ సంపర్కులు, హిట్లర్‌ను ఎదిరించిన రాజకీయ కార్యకర్తల పేర్లు కూడా వీటి మీద ఉన్నాయి.

వద్దన్నవాళ్లు, దొంగిలించినవాళ్లు

అందరూ ఈ రాళ్లను మెచ్చుకోలేదు. మ్యూనిక్ నగరం ప్రభుత్వ స్థలాల్లో వీటిని వేయనివ్వలేదు. 2004లో ఒక దంపతుల కోసం వేసిన రెండు రాళ్లను తీసేయించింది కూడా. 2015లో నగర సభ మళ్లీ అదే నిర్ణయం తీసుకుంది. వ్యతిరేకించినవాళ్లలో ముందున్నది అక్కడి యూదుల సంఘం అధ్యక్షురాలు షార్లొట్ క్నోబ్లోఖ్. ఆమె 1932లో మ్యూనిక్‌లో పుట్టి, పల్లెటూళ్లో ఒక రైతు ఇంట్లో దాక్కుని బతికిన మనిషి. ఒకప్పుడు మమ్మల్ని కాళ్లతో తొక్కారు, ఇప్పుడు మా పేర్లను కూడా తొక్కుతారా అన్నది ఆమె బాధ. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే అలవాటున్న మనకు ఆ బాధ వెంటనే అర్థమవుతుంది. రాళ్లను సమర్థించేవాళ్ల వాదన వేరు. చదవాలంటే ఎవరైనా తల వంచాల్సిందే, అడుగులు పడేకొద్దీ ఇత్తడి మెరుస్తుంది అంటారు. చివరికి మ్యూనిక్ 2018 నుంచి గోడల మీద, స్తంభాల మీద కంటి ఎత్తులో పేర్ల పలకలు పెట్టడం మొదలుపెట్టింది. దారులు వేరైనా ఇంటి దగ్గరే పేరు ఉండాలన్న మాట దగ్గర ఇద్దరూ కలిశారు.

దొంగతనాలూ జరిగాయి. 2017 నవంబర్‌లో బెర్లిన్‌లోని బ్రిట్జ్ ప్రాంతంలో 16 రాళ్లు పెకలించుకుపోయారు. 2024 అక్టోబర్‌లో త్సైట్జ్ అనే చిన్న పట్టణంలో ఉన్న 10 రాళ్లనూ ఎత్తుకుపోయారు. రెండుసార్లూ కొత్త రాళ్ల కోసం మామూలు జనం నుంచి విరాళాలు వచ్చిపడ్డాయి. ఇత్తడి పట్టించుకోకపోతే నల్లబడుతుంది. ఏటా నవంబర్ 9న, జనవరి 27న ఇరుగుపొరుగువాళ్లు గుడ్డ, పాలిష్ పట్టుకుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని రుద్దుతారు. పక్కన ఒక దీపం పెట్టి వెళ్తారు.

లెక్క వేస్తే చంపబడిన యూదులు 60 లక్షలు, వేసిన రాళ్లు లక్ష పైచిలుకు. సుమారు అరవై మందికి ఒకటి. అందరికీ వేయడం అయ్యే పని కాదని వేసేవాళ్లకూ తెలుసు. 60 లక్షలు అనే అంకె ఎవరి మనసుకూ ఎక్కదు. ఈ ఇంట్లో, మూడో అంతస్తులో, నా కూతురి వయసు పిల్ల ఉండేది అంటే ఎక్కుతుంది. ఆ పని ఒక రాయి చాలు చేయడానికి.

మన వాళ్ల పిల్లలు ఈమధ్య చాలామంది చదువులకూ ఉద్యోగాలకూ జర్మనీ వెళ్తున్నారు. మీ తమ్ముడో, మేనల్లుడో అక్కడ ఉంటే ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక మాట చెప్పండి. వాడు అద్దెకుంటున్న ఇంటి ముందు ఇత్తడి రాయి ఉందేమో చూడమనండి. ఉంటే వంగి ఆ పేరు పైకి చదివి వినిపించమనండి. మేము మాత్రం రేపు లిస్టు టైపు చేసేటప్పుడు నంబరు దగ్గర ఆగిపోకుండా ప్రతి పేరునూ ఇంటిపేరుతో సహా, ఊరితో సహా పూర్తిగా రాయాలని అనుకున్నాం.